కురోసాకి లైనుకు నూట యాభై ఓములు

మెట్ట ఊరు, సమావేశ మందిరం
ఆగస్టు 27

పూజ్యులైన మునేహారు అన్నయ్యకు,

చెట్ల మీద చిమ్మెటల గోల ఇంకా తగ్గలేదు గాని, సాయంత్రపు గాలిలో మాత్రం వేసవి ముసలిదైంది. మీరు, మీ మోకాళ్లు, మీ పడవ, ముగ్గురూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేము కులాసాగా ఉన్నాము. తోటల్లో యూజు నిమ్మకాయలు ఇంకా పచ్చివే కనుక పండ్ల షెడ్డులో యంత్రాలకు పని మొదలుకాలేదు. నా కాలమంతా మందిరంలోని మైకు పెట్టె ముందే గడుస్తోంది.

ఫోను చేయక ఉత్తరం రాయడానికి కారణం మీరెరిగినదే. బతుకంతా ఇంజను పక్కన గడిపిన మీ చెవులకు ఫోనులో నా గొంతు దోమ రొదలాగ ఉంటుందని మీరే అన్నారు. పైగా నేను చెప్పదలచినది వరుసలో చెప్పాలి. ఎదురుగా చెబితే మీరు మధ్యలోనే నవ్వేస్తారు.

శుక్రవారం నొబుకో అక్క తన సరుకుల బండిని మందిరం ముందు ఆపి, ఇంజను ఆపకుండానే కేకేసింది. "ఏమయ్యా మేస్త్రీ! మీ అన్న కబురు పంపాడు. నీ పెట్టెకి జలుబు చేసిందట, అల్లం కషాయం పట్టించమన్నాడు!" ఏమైందక్కా అని అడిగాను. "నాకేం తెలుసు నాయనా, మొన్న వానలో సాయంత్రం పాట సగం పాడి మిగతా సగం మింగేసిందట. వంకాయలు కావాలా, వద్దా?" అంది.

నవ్వించడానికి మీరు పంపిన కబురది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకంటే ఆ సాయంత్రం నేను మందిరంలోనే ఉన్నాను. లైన్లన్నీ పలుకుతున్నాయో లేదో చూడడానికి రోజూ వేసే ఐదు గంటల పాట మొదలైంది. పచ్చ దీపాలన్నీ వెలిగాయి, కొలత ముల్లు పాటతోపాటు ఊగింది. ఊరిపెద్ద కుమొన్ గారు "భేషుగ్గా ఉంది" అని టీ పోసుకున్నారు. ఇక్కడ ఏ లోపమూ కనిపించలేదు. మేము మాట్లాడామనే అనుకుంటాము. కింద సముద్రపు ఒడ్డున, కురోసాకి కొనన మీకు మాట అందదు. అందలేదని మాకు తెలియదు. అది పాట కాక హెచ్చరిక అయి ఉంటే ఏమయ్యేదని ఆలోచించాను.

మొదటినుంచి రాస్తాను. వసంతంలో పిడుగు పడి పాత పెట్టె కాలిపోయినప్పుడు, పట్నం నుంచి వచ్చినాయన కొత్తది వచ్చే ఏడు మంజూరవుతుందని చెప్పి వెళ్లాడు. నేను పత్రికలు చూసి నేర్చుకున్నవాణ్ణి, ఇది నావల్ల కాదని కుమొన్ గారికి మనవి చేశాను. "వచ్చే ఏడు దాకా ఆగమని తుఫానులకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నారాయన. అలా ఆ పని నా నెత్తికెక్కింది. ఆ కొనన ఇప్పుడు మీ ఒక్క ఇల్లే మిగిలింది కనుక, మీ ఇంటి లౌడుస్పీకరు బాకాకు పోయే కురోసాకి లైనును వేరుగా కట్టాను.

మైకులో పడిన మాటను గోరంత నల్లని చిప్పు ఒకటి బలపరిచి బయటి తీగలోకి నెడుతుంది. దాన్ని ఆప్-ఆంప్ అంటారు. ఆ చిప్పుకూ తీగకూ మధ్య రెండే వస్తువులు నిలుస్తాయి: చాక్లెట్టు ముక్కంత కెపాసిటరు, బియ్యపు గింజంత రెసిస్టరు. ఈ వేసవంతా నా ధ్యాస ఆ రెండింటి మీదే.

కెపాసిటరు ఎంపిక సుఖంగానే సాగింది. పెట్టె బ్యాటరీ మీద నడుస్తుంది కనుక చిప్పు నోట ఎప్పుడూ ఆరు వోల్టులు నిలిచి ఉంటాయి. ఆ నిలవ విద్యుత్తును ఆపి, మాటను మాత్రం దాటనివ్వడం కెపాసిటరు పని. పెద్దది పెడితే గొంతులోని లోతంతా దాటిపోతుంది. చిన్నది పెడితే కింది స్వరాలు గడప దగ్గరే ఆగుతాయి. కుమొన్ గారి గొంతు మీకు తెలుసు. "ఆయన హెచ్చరిక చదివితే మా గోడ మీది పిల్లి కూడా నిద్రపోతుందిరా" అన్నది మీరే. ఆ లోతు గొంతు కొండకు తగిలి తిరిగొచ్చి, వెనకాల వస్తున్న మాటను కప్పేస్తుంది. అందుకని ఒక్క మైక్రోఫారడు చాలునని నిశ్చయించాను. అదీ లోపలి తడి ఎండిపోయే రకం కాదు, ప్లాస్టిక్ పొరలది. మీ చెవికి ఏ స్వరాలు అందుతాయో, ఏవి అందవో నాకు తెలుసు. కొత్త సంవత్సరం నాడు మీ ఇంట్లో కూర్చున్నప్పుడు కెటిల్ ఈల వేస్తే మీరు కదలలేదు. చెక్క తలుపు జరిగితే మాత్రం తల తిప్పారు. ఈల స్వరాలు పోయాయి, తలుపు స్వరాలు ఉన్నాయి. ఆ తలుపు చప్పుడు ఉన్న చోటికే కుమొన్ గారి మాటను తెచ్చి నిలిపాను.

రెసిస్టరు దగ్గర లెక్క తప్పింది. పొడుగాటి తీగ ఊరికే ఉండదు. లోపలి రాగికీ దాని చుట్టూ ఉన్న లోహపు అల్లికకూ మధ్య కొంత విద్యుత్తును దాచుకుంటుంది. దాన్ని నేరుగా చిప్పు నోటికి కడితే చిప్పు తనలో తాను వణకడం మొదలుపెడుతుంది. చెవికి వినపడని సన్నని వణుకది. దాని బలమంతా అందులోనే పోయి, మాట బొంగురుపోతుంది. మధ్యన రెసిస్టరు ఉంటే ఆ వణుకు అణుగుతుంది. మీరు నాకు పడవ కట్టడం నేర్పుతూ, తాడు బిగిస్తే అల కొక్కేన్నే పెరుకుతుందని, వదిలేస్తే పడవ రాతికి కొట్టుకుంటుందని, ఎంత సడలించాలో చెయ్యే చెప్పాలని అన్నారు. రెసిస్టరు ఆ సడలింపు. తక్కువైతే చిప్పు వణుకుతుంది. మరీ ఎక్కువైతే తీగలో హల్లులన్నీ మాసిపోయి అచ్చులే మిగులుతాయి. "పరుగెత్తండి" అన్న మాట ఆవులింతలాగ వస్తుంది. మాట తేటగా రావాలన్న ఆశతో నలభై ఏడు ఓముల రెసిస్టరు పెట్టాను. జూనులో, పొడి తీగను కొలిచి.

శనివారం లైను వెంట నడిచి వచ్చాను. మీ పెరటి వెనక ఆ తీగ మీద మీరు ఉప్పునీళ్లలో ముంచిన చేపలను బారుగా ఆరేసి ఉంచారు. నేను ఒడ్డున నిలబడి మొత్తుకుంటే, మీరు పడవలోంచే, "ఖాళీగా ఊగుతున్న తీగ, దానికేం నొప్పిరా? కుమొన్ ఉపన్యాసాలు మోసే తీగ నాలుగు చేపలు మొయ్యలేదా?" అన్నారు. నాకూ నవ్వొచ్చింది, దాచను. కాని అన్నయ్యా, కొక్కేలు గుచ్చిన చోటల్లా తీగ తొడుగు చిట్లింది. ఆ పగుళ్లలోంచి ఉప్పునీరు లోపలికి దిగింది. తడిసిన తీగ పొడి తీగకంటే ఎక్కువ విద్యుత్తును దాచుకుంటుంది. నలభై ఏడు ఓముల సడలింపు దానికి చాలలేదు.

తిరిగి వచ్చాక, తడి తీగను పోలి ఉండేటట్టు పెట్టెకు అదనపు కెపాసిటర్లు కట్టి, విద్యుత్తును గీతగా చూపే స్కోపు తెర మీద చూశాను. నున్నని గీతకు ఒక్కసారిగా వెంట్రుకలు మొలిచాయి. వంద ఓములకు పలచబడ్డాయి. నూట యాభైకి పూర్తిగా పోయాయి, హల్లులూ నిలిచాయి. ఆ నూట యాభై ఓములనే అతికాను. చిట్లిన చోట్ల పట్టీలు చుట్టాను. దయచేసి చేపలకు వెదురు కర్ర వాడండి. ఈసారి వానకు పాట ఎలా వచ్చిందో నొబుకో అక్కతో కబురు చేయండి. కబురు వచ్చేదాకా నా మనసు మనసులో ఉండదు.

మీ ఆరోగ్యం కోరుతూ,
మీ తమ్ముడు
కియోతాకా


మెట్ట ఊరు
సెప్టెంబరు 19, ఉదయం

పూజ్యులైన అన్నయ్యకు,

ఈసారి రుతువు గురించి రాయను. బయటికి చూస్తే మీకే తెలుస్తుంది. గాలి లేదు, సముద్రం మాత్రం అడుగునుంచి ఊపిరి తీస్తోంది.

మీరు పంపిన ఎండుచేపలు అందాయి. "ఇప్పుడు గుడి గంటలా మోగుతోంది, మా తమ్ముడు డాక్టరు" అన్న మీ కబురును నొబుకో అక్క దారిలో ఉన్న ప్రతి గుమ్మం దగ్గరా చెప్పుకుంటూ వచ్చింది. కుమొన్ గారు నా భుజం తట్టారు. ఆ రోజు నాకు నిజంగానే సంతోషమైంది. అది ఎక్కువ కాలం నిలవలేదు.

రేపు మధ్యాహ్నం దాటాక తుఫాను మన తీరాన్ని తాకుతుందని రేడియో చెబుతోంది. సముద్రం పోటు మీద ఉండే వేళకే అది వస్తుంది. అందుకే నిన్న వచ్చాను. మీరు టీ పోశారు, పాత వల చూపించారు, తాడు ఒక కొస పట్టుకోమన్నారు. ఇద్దరం కలిసి పడవను పై గట్టుకు లాగి కట్టాము. చివరికి, నాతో ఇప్పుడే పైకి వచ్చేయండని అడిగాను. మీరన్న మాటను ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే అప్పటినుంచి అది నా తలలోంచి పోవడం లేదు: "బాకా పిలిస్తే లేస్తాను. పిలవకపోతే నా పక్క మీంచి లేవను. పోయినేడు మూడుసార్లు ఊరికే పరిగెత్తించారు. ఈసారి నా తమ్ముడు కట్టిన పెట్టె ఉంది. నీ చేతిపని మీద నీకు నమ్మకం లేదేమో గాని, నాకుందిరా కియో."

అన్నయ్యా, నన్ను ఎవరూ ఇంతగా మెచ్చుకోలేదు. ఇంతగా భయపెట్టినవారూ లేరు.

మీ నమ్మకం ఎక్కడ తప్పో వివరిస్తాను. దయచేసి కళ్లద్దాలు పెట్టుకుని చివరిదాకా చదవండి.

నిన్న మీ ఇంటినుంచి తిరిగి వస్తూ, లైను రాళ్ల మీదుగా దాటే చోట తీగ తొడుగును కొద్దిగా కోసి చూశాను. రాగి పచ్చబడింది. చేపలు ఆరేసిన చోటికీ ఆ రాళ్లకూ చాలా దూరం ఉంది. అంటే దీపపు వత్తి నూనెను పీల్చినట్టు, తీగ చుట్టూ ఉన్న అల్లిక ఉప్పునీటిని లోలోపలే పీల్చుకుంటూ పోయిందన్నమాట. ఎంతవరకు పోయిందో చూడాలంటే తీగనంతా చీల్చాలి. కొత్త తీగ పట్నంనుంచి వచ్చే నెలలో గాని రాదు. నా నూట యాభై ఓములు తడిసిన తీగకు లెక్క కట్టినవి; మునిగిన తీగకు కాదు. తడి ఎంత ఉంటుందో నేను ఊహించి, ఆ ఊహకు తగిన కెపాసిటర్లు కట్టి, తెర మీద గీత నున్నగా ఉందని సంతోషించాను. సముద్రం నన్నడిగి రాదు. అల్లికకూ రాగికీ మధ్య ఉప్పునీరు దారి చేసుకుందంటే, ఇక వణుకు సంగతి కూడా ఉండదు. మాట ఆ దారినే నేలలోకి ఇంకిపోతుంది. అప్పుడు ఏ విలువ రెసిస్టరు పెట్టినా ఒకటే.

నిన్న సాయంత్రం సన్నజల్లు పడుతుండగా మీ ఇంటికి దిగే మెట్ల దారి పై కొసన నిలబడి, మీ బాకాలోంచి వచ్చే ఐదు గంటల పాట విన్నాను. మొదటి చరణం బాగానే వచ్చింది. రెండో చరణంలో గొంతు గీరుకుపోయింది. అది జల్లు మాత్రమే. మీకు ఆ గీరుడు వినిపించి ఉండదు, ఆ స్వరాలు మీ చెవిలో లేవు. మీ వరకు పాట వచ్చింది, సరిపోయింది. అదే నా భయం. అది చెడిపోవడం మొదలైన సంగతి మీకు చిట్టచివరన, మాట పూర్తిగా ఆగినప్పుడే తెలుస్తుంది. ఆగినప్పుడు మీరేమనుకుంటారు? పిలవలేదు కనుక ప్రమాదం లేదనుకుంటారు. నేను కట్టిన పెట్టె మౌనాన్ని మీరు అభయంగా తీసుకుంటారు. ఒక పెట్టె అబద్ధం చెబితే కొట్టి పారేయవచ్చు. మూగబోయి, మిమ్మల్ని నిశ్చింతగా కూర్చోబెడితే నేనేం చేయాలి?

మంచం మీద పడుకున్నా అదే. కుమొన్ గారు మైకు ముందు కూర్చుని లోతు గొంతుతో, నిదానంగా, మీ పేరు పెట్టి పిలుస్తుంటారు. పచ్చ దీపాలు వెలుగుతుంటాయి, ముల్లు ఊగుతుంటుంది. మేమంతా సరేనని తలలూపుతుంటాము. కిందన మీరు చాపమీద కూర్చుని, ఇంకా పిలవలేదు గదా అని పిల్లి వీపు నిమురుతుంటారు. నీరు మెట్లెక్కుతుంటుంది. ఇది కల కాదు, మేలుకునే చూస్తున్నాను.

రేపటికి మెట్ల దారి ఉండదు. వాగు పొంగితే మూడో మలుపు దగ్గర తెగుతుంది, అది మీకు నాకంటే బాగా తెలుసు. ఒడ్డు రోడ్డు మీదికి ఈ మధ్యాహ్నమే అలలు వస్తాయి. మీకోసం యువకులు కిందికి దిగవలసి వస్తే వారు దిగుతారు, కాదనరు. తిరిగి రాగలరో లేదో నేను చెప్పలేను. మీరు ఎన్నడూ ఒకరి ప్రాణం అడ్డుపెట్టుకుని బతికినవారు కారు.

తెచ్చుకోవలసినవి: మోకాళ్ల మాత్రలు, పళ్ల సెట్టు, మందపాటి జోళ్లు, పిల్లి. పడవ తాడు సడలించడానికి మనిషి ఉండాలంటారని తెలుసు. నిన్న నేను రెండు ముళ్లు అదనంగా వేశాను. ఆపైన పడవ నిలిస్తే నిలుస్తుంది. పోతే నేనూ మీరూ కలిసి ఏడుద్దాము. పడవ గురించి ఇలా రాయడం నాకు సులువు కాదు, కాని నాకు రెండు పడవలు దొరుకుతాయి గాని రెండో అన్న దొరకడు.

ఇంకా రాయాలని ఉంది. ఈ కవరు తీసుకుపోవడానికి నొబుకో అక్క బండి వచ్చినందున ఆపుతున్నాను. అక్షరాలు సరిగా లేకపోతే మన్నించండి.

మీ రాకకై ఎదురుచూస్తూ,
మీ తమ్ముడు
కియోతాకా

తా.క. పైన మూగబోతుందేమోనని అనుమానంగా రాసినదంతా మర్యాద కోసం రాసినది. నిజం ఇది. ఈ కవరు అడుగున, వెండి కాగితంలో చుట్టినదేదో మీ వేలికి తగులుతుంది. అది కురోసాకి లైను రెసిస్టరు. ఈ తెల్లవారి నేనే ఊడదీశాను. దాని చోట ఏదీ పెట్టలేదు. రేపు ఎవరు ఎంత అరిచినా మీ బాకా పలకదు; మీరు ఎదురుచూడవలసిన పిలుపు అంటూ ఇక లేదు. కుమొన్ గారికి చెప్పాను. "నీకు పిచ్చెక్కిందిరా" అని చాలాసేపు తిట్టారు. తిట్టడం అయ్యాక, మందిరంలో మీకూ ఒక పరుపు వేయమన్నారు. నొబుకో అక్క బండి తిప్పి మీ గుమ్మం ముందే ఉంటుంది. మీరు చదవడం అయ్యేదాకా ఇంజను ఆపవద్దని చెప్పి పంపాను. ఆ కాగితాన్ని చొక్కా జేబులో వేసుకుని ఎక్కండి. లోపలిదాని తీగలు వంగినా ఫరవాలేదు, పారేయకండి. అది మీ చెవులకని ఎంచినది. మీరు దాన్ని తెచ్చి నా చేతికి ఇవ్వకపోతే, తిరిగి అతకడానికి నాకు లైనంటూ ఉండదు.